ఉచ్చు వేరు, బోను వేరు

నన్ను దొంగగా పట్టించింది నా మట్టెలే. అప్పటికి పెళ్లయి నెల కూడా తిరగలేదు. మా అత్తారిది పాలకుర్తి దగ్గర ఒక ఊరు. పెరట్లో దాలి గుంటలో పిడకల సెగ మీద పాలకుండ పొద్దంతా కాగుతూ ఉండేది. దాని మీద కట్టిన ఎర్రటి మీగడ చూస్తే నా చెయ్యి ఊరుకునేది కాదు. మూడు రోజులు హాయిగా తిన్నాను. ఎవరు తిన్నారని అత్తమ్మ అడిగితే పిల్లి వచ్చినట్టుందని చెప్పాను. నాలుగో రోజు ఆమె నన్ను దాలి దగ్గరికి తీసుకుపోయి నేల చూపించింది. పొద్దున్నే అక్కడ పల్చగా బూడిద చల్లి పెట్టిందట. అందులో నా అడుగులు, వేళ్ల దగ్గర కొత్త మట్టెల గీతలు చక్కగా పడి ఉన్నాయి.

ఆమె తిట్టలేదు. "పిల్లి మట్టెలు పెట్టుకోదు గద బిడ్డా" అని మాత్రం అంది.

అసలు ఆ సమయానికి నేను ఉండాల్సింది ఆ పెరట్లో కాదు, జనగామలో పరీక్ష హాల్లో. అది అరవై తొమ్మిది. తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్ల మీదికి వచ్చారు. బళ్లు నెలల తరబడి మూతబడ్డాయి, మెట్రిక్ పరీక్షలు వాయిదా పడ్డాయి. లెక్కల్లో అంతకుముందే ఒకసారి తప్పినదాన్ని కాబట్టి నా సంతోషానికి అంతు లేదు. ఊరేగింపులో అందరికంటే గట్టిగా అరిచాను. పరీక్ష వెనక్కి పోతే పెళ్లి ముందుకు వస్తుందని నాకేం తెలుసు? పద్దెనిమిదేళ్ల పిల్ల పనిలేక ఇంట్లో తిరుగుతుంటే మా నాయిన చూస్తూ ఊరుకోలేదు. తీరా మెడలో పుస్తెలు పడ్డాక నాకు చదువు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. ఆ పరీక్ష ఎలాగైనా రాయాలనిపించింది.

మామగారిది ఒకటే మాట, తమ ఇంటి కోడళ్లు బడికి పోరని. మా ఆయన మంచివాడే గానీ తండ్రి ముందు నోరు మెదపడు. అందుకని తెలుగు వాచకాన్ని బియ్యం గోలెంలో దాచి, బియ్యం ఏరే వంకతో తీసి చదువుకునేదాన్ని. ఒకరోజు అలాగే చేటలో రాళ్లు ఏరుతూ పర్యాయపదాలు వల్లెవేస్తున్నాను. ఉచ్చు, ఉరి, వల, బోను. వెనక నుంచి నవ్వు వినిపించింది. చూస్తే అత్తమ్మ. పుస్తకం దాచే సమయం లేదు.

"గవన్నీ ఒక్కటే అని ఎవరన్నరు?" అంది.

పుస్తకంలో ఉందన్నాను. ఆ పుస్తకం రాసినాయన ఎన్నడన్నా అడవికి పోయాడా అని అడిగింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. పుట్టిల్లు మానుకోట అవతల అడవి అంచున. తండ్రి పల్లి చేనుకు వచ్చే అడవి పందుల్ని పడుతుంటే పక్కనే ఉండి చూసిన మనిషి. చేట పక్కకు నెట్టి నా ముందు కూర్చుంది.

"ఉచ్చుల పడ్డది కాలు గుంజుకుంటది. వలల పడ్డది ఎంత కొట్టుకుంటె అంత చుట్టుకుంటది. గుంతల పడ్డది పైకి చూసి అరుస్తది. బోన్ల పడ్డది సప్పుడు జెయ్యది. లోపట పెట్టింది తింటది."

ఆపద, గండం ఒకటేనా అని అడిగాను. బయటపడ్డాక నలుగురికీ చెప్పుకునేదే గండమట, చెప్పుకోవడానికి మనిషి మిగలకపోతే దానికి ఏ పేరైనా ఒకటేనట. మా మాస్టారు రెండేళ్లు చెప్పినా నాకు ఇంత బాగా ఎక్కలేదు. అప్పటి నుంచి మాకిద్దరికీ అదే ఆట. ఇంటికి గాజులమ్మ వస్తే అత్తమ్మ నా వైపు తిరిగి వల అనేది. ఓట్ల కోసం వచ్చి దండాలు పెట్టే వాళ్లు వెళ్లాక గాలం అనేది. మరి నాకు చల్లిన బూడిద ఏమిటంటే, అది మాటు అని చెప్పింది. నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. పుట్టింటికి పోయి ఎన్నేళ్లయిందని ఒకసారి అడిగాను. "గాయిన పంపితె గద" అని, బియ్యంలో రాయి ఉంది చూడమంది.

ఇంతలో మా బడి నుంచి కార్డు వచ్చింది. మామగారు చదివి, ఎవరికీ చెప్పకుండా చూరులో దోపారు. ఆయన చేనుకు పోగానే స్టూలెక్కి తీసి చదివాను. వచ్చే సోమవారమే పరీక్ష. వారం కూడా లేదు. ఈసారి తప్పితే ఇక జన్మలో రాయనివ్వరని తెలుసు. స్టూలు మీదే నిలబడి ఏడ్చాను. అత్తమ్మ వచ్చి కార్డులో ఏముందో చెప్పించుకుని, దాన్ని మళ్లీ చూరులో ఎలా ఉన్నదో అలా పెట్టేయమంది.

మర్నాడు పొద్దున ఏదో పంచాయితీ పని మీద ఇద్దరు పెద్దమనుషులు వస్తున్నారని తెలిసింది. మామగారికి ఊళ్లో పరపతి కావాలి, నలుగురిలో గొప్ప కావాలి. వాళ్లు వచ్చే ముందు అత్తమ్మ నా వాచకం తెప్పించుకుని అరుగు మీద చాప పక్కన పెట్టింది. ఇక నన్ను ఏమీ చెయ్యొద్దంది. ఇద్దరం తలుపు వెనక నిలబడ్డాం.

ఆమె అనుకున్నట్టే, చాయ్ తాగుతూ ఒకాయన పుస్తకం చేతిలోకి తీసుకుని, మీ ఇంట్లో ఇది చదివేదెవరని అడిగాడు. మామగారు క్షణం తటపటాయించారు. ఎంతైనా గొప్ప చెప్పుకునే అవకాశం. మా కోడలే, మెట్రిక్ అన్నారు. చుట్టుపక్కల ఊళ్లలో అంత చదివిన పిల్లే లేదన్నారు. లెక్కల్లో నా ప్రతాపం ఆయనకు తెలియదు పాపం. అయితే పరీక్ష ఎప్పుడని రెండో ఆయన అడిగాడు. మామగారు గొంతు సవరించుకున్నారు. అప్పుడు తలుపు వెనక నుంచి అత్తమ్మ మెల్లగా అంది.

"వచ్చే సోమవారమట. ఆయనే దగ్గరుండి బండి కట్టిస్తనన్నడు."

పెద్దమనుషులిద్దరూ మామగారిని మెచ్చుకున్నారు. ఆయన అవునన్నారు. ఇంకేమంటారు?

వాళ్లు వెళ్లాక లోపలికి వచ్చి అత్తమ్మ ముందు నిలబడ్డారు. ఆమె తల ఎత్తకుండా బియ్యం చెరుగుతోంది. నలుగురిలో అన్న మాట తప్పుతారా అంది. ఆయన కాసేపు మీసం పీక్కుని చేను దిక్కు వెళ్లిపోయారు.

సోమవారం తెల్లవారగానే బండి కట్టారు. అత్తమ్మ సద్ది కట్టి తెచ్చింది. గిన్నెడు మీగడ కూడా ఇచ్చి, ఇక దొంగతనం చేసే పని లేదంది. బండెక్కి కూర్చుని, మామకు వేసింది ఏమిటని గుసగుసగా అడిగాను.

"బోను. ఇష్టమైంది లోపట పెడితె అదే వస్తది."

ఆయన ఊరుకోరు కదా, నా కోసం ఎందుకు ఇంత చేశావని అడిగాను. ఆమె బండి చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది.

"ముప్పై ఏండ్లయింది బిడ్డా నేను గీ ఇంటికొచ్చి. తిండికి ఏం తక్కువ జెయ్యలేదు" అంది.

నేను నవ్వాను. ఇంకో చమత్కారం అనుకున్నాను. పాలకుర్తిలో బస్సెక్కాక ఆ మాట, బోన్లో పడ్డదాని గురించి ఆమె చెప్పిన మాట కలిసి గుర్తొచ్చాయి. అప్పుడు ఏం చెప్పిందో అర్థమైంది. జనగామ దాకా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను.

తెలుగు పేపర్లో ఉచ్చు అనే మాటకు నాలుగు పర్యాయపదాలు అడిగారు. ఉరి, వల, పాశం అని మూడు రాశాను. నాలుగోది ఏం రాస్తే మార్కు వస్తుందో నాకు బాగా తెలుసు. ఉచ్చూ, బోనూ ఒకటేనని నా చేత్తో రాయబుద్ధి కాలేదు. అక్కడ ఖాళీ వదిలేసి తర్వాతి ప్రశ్నకు పోయాను.