కేబుల్ మామ పెట్టిన ఎర్ర గీతలు

"మీ కేబుల్ మామ పోయిండు బిడ్డా" అని మొన్న పొద్దున బాపు ఫోన్ చేశాడు. ఏడుపు రావాల్సింది. ముందు మా మిద్దె మీది టార్పాలిన్ గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ తర్వాతే ఏడ్చాను. ఆ టార్పాలిన్ సంగతి మీకు చెప్పాలి.

మామ మాకు చుట్టం కాదు. బాన్సువాడలో మా వాడకట్టుకంతటికీ కేబుల్ ఇచ్చినవాడు. బాపుతో "బావా" అని వరస కలిపి, రోజూ సాయంత్రం మా ఇంట్లో చాయ్ తాగేవాడు. తొంభైలలో మా ఇంటికి రంగుల టీవీ, మామ నల్ల తీగ ఒకేసారి వచ్చాయి. చిక్కల్లా చెరుకు కొట్టే రోజుల్లోనే. ట్రాక్టర్ మీద ఎత్తుగా వేసిన చెరుకు తగిలి, రోడ్డుకు అడ్డంగా ఉన్న తీగ తెగేది. మామ వెదురు నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరేవాడు. "వాడు నిచ్చెన దిగేసరికి నా సీరియల్ల కోడలికి మనుమలు పుడతరు" అని మా అవ్వ, బాపు తల్లి, సణిగేది.

ఆ పోరు పడలేకే, కొన్నేళ్లకు ఇంటింటికీ డిష్‌లు వస్తున్నప్పుడు, బాపు కూడా ఒకటి పెట్టించాడు. పెట్టించాక భయం పట్టుకుంది. "బావ చూస్తే మనసు కష్టపెట్టుకుంటడు. ఇగ మన గడప తొక్కడు" అని, వడ్లు ఆరబోసే టార్పాలిన్ తెచ్చి దాని మీద కప్పాడు. మామ వచ్చే వేళకు కప్పడం, చాయ్ తాగి వెళ్లాక తియ్యడం నా పని. వారం రోజులు మిద్దె ఎక్కీ దిగీ నా మోకాళ్లు అరిగాయి.

ఎనిమిదో రోజు మామ చాయ్ తాగుతూ తల పైకెత్తి, "మిద్దె మీద ఏంది బావా?" అన్నాడు.

"మిరపకాయలు ఎండవెట్టినం" అన్నాడు బాపు.

లోపల్నుంచి అవ్వ కేకేసింది. "గా డిష్ మీది పరదా తియ్యుండ్రి, నా సీరియల్ షురువైతది."

మామ గ్లాసు కింద పెట్టి మిద్దె ఎక్కాడు, వెనకాలే నేను. టార్పాలిన్ తీసి, డిష్ చుట్టూ తిరిగి చూసి, "సరిగ బిగించలే. గాలొస్తే తిరుగుతది" అన్నాడు. తర్వాత రోడ్డు మీది తన తీగ వైపు చూశాడు. నాకు సిగ్గేసింది, బాధేసింది.

"నా తీగ పోతే పోనీ, అవ్వకు బొమ్మ రావాలె గద" అని నా నెయిల్ పాలిష్ అడిగాడు. డిష్‌ను సరైన దిక్కుకు తిప్పి, కింది పైపు మీదా తిరిగే పట్టీ మీదా ఒకే వరసలో ఎర్ర గీతలు పెట్టాడు. "తిరిగితే గీతకు గీత కలుపుండ్రి. నాకోసం చూడకుండ్రి."

మర్నాడు కూడా చాయ్‌కి వచ్చాడు. తర్వాత్తర్వాత డిష్‌లు బిగించడమే ఆయన పనైంది. మా గీతల్ని మాత్రం ఏటా వానాకాలం ముందు వచ్చి దిద్దేవాడు. పెళ్లై నేను నస్రుల్లాబాద్ పోతుంటే అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. మామ మాత్రం "గా ఎర్ర పాలిష్ సీస ఈడనే పెట్టిపో బిడ్డా" అన్నాడు.

నిజానికి ఇన్నేళ్లలో ఆ గీతలతో మాకు పని పడలేదు. డిష్ తిరిగిన ప్రతిసారీ బాపు ఆయన్నే పిలిచేవాడు. అది చాయ్ కోసమని ఇద్దరికీ తెలుసు.

మొన్న కబురు విని వచ్చినదాన్ని ఇంకా బాపు దగ్గరే ఉన్నాను. నిన్న సాయంత్రం గాలిదుమారానికి డిష్ మళ్లీ తిరిగింది. బాపు అలవాటుగా ఫోన్ తీసి, మామ నంబర్ దాకా వెళ్లి, ఆగిపోయాడు. నేను మిద్దె ఎక్కాను. ఈ ఏడాది మామ దిద్దిన రంగు ఇంకా మెరుస్తోంది. గీతకు గీత కలిపాను.

"బొమ్మ వచ్చింది బిడ్డా" అన్నాడు బాపు కింద నుంచి.