ఎర్ర రాయి

ఉక్కు ఫ్యాక్టరీలుండే మా సిల్తారా దారిలో లారీ నుంచి జారిపడిన ఎర్ర రాయి కనిపిస్తే నేనిప్పటికీ ఆగిపోతాను.

"మనం అమ్మమ్మ ఊళ్లో ఎందుకు లేం?" అని ఏడేళ్లప్పుడు అడిగితే, నాన్న అలాంటి రాయే నా చేతిలో పెట్టారు. "ఇది లోహా పత్థర్, బేటా. ఇనుము తీసే రాయి. ఇటు కొండల్లో దొరుకుతుంది. అందుకే ఇక్కడ ఫ్యాక్టరీ. అందుకే మనం."

ఇంకేం! మమ్మల్ని చూడ్డానికొచ్చి శ్రీకాకుళం తిరిగెళ్తున్న అమ్మమ్మ సంచిలో ఆ రాయిని దాచేశాను. రాయి వెళ్తే ఫ్యాక్టరీ వెళ్తుంది, వెనకే మేమూ వెళ్తాం!

వేసవిలో అమ్మమ్మ ఊరు చేరగానే ఫ్యాక్టరీ పొగగొట్టం కోసం డాబా మీదికి పరుగెత్తాను.

"ఏటే, ఏటి ఎతుకుతున్నావు?" అంది అమ్మమ్మ.

చెప్పాను. ఆమె నవ్వలేదు. ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పెట్టుకున్న ఆ రాయిని తీసి, పెరట్లో పాతిపెట్టి, నాచేత నీళ్లు పోయించింది.

ఫ్యాక్టరీ రాలేదు. కానీ ఏ వేసవిలో వెళ్లినా ఆ చోట మట్టి తడిగానే ఉండేది.