మూడోసారి అడిగేదాకా

మా కుట్టుషాపులో కోట్లకు కాజాలు మిషన్ మీద కుట్టరు. చేత్తోనే కుట్టాలి. అలా కుట్టేవాళ్ళు ఈ దేశంలో అంత సులువుగా దొరక్క, మన వైపు నుంచి కాజాల అక్కను పిలిపించారు. మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. నేను అదే షాపులో ఇస్త్రీ పని చేస్తాను. ఆమెకంటే నాలుగేళ్ళ ముందు వచ్చాను కాబట్టి ఆమెకు దుబాసీని నేనే, దారి చూపేవాణ్ణి నేనే, కోప్పడేవాణ్ణి కూడా నేనే. యజమానురాలు మెళ్ళో కొలతల టేపు తియ్యదు. మేమిద్దరం ఆవిణ్ణి చాటుగా టేపమ్మ అని పిలుచుకునేవాళ్ళం.

అక్కకు నలభై ఎనిమిదేళ్ళు. భర్త పోయాక ఇరవై ఏళ్ళు తమ్ముడింట్లో ఉంది. మెట్ల కింద మిషన్ పెట్టుకుని వీధిలో వాళ్ళందరికీ జాకెట్లు కుట్టింది. ఆ ఇంట్లో ఆమెకు ఫలానా లోటని చెప్పడానికి ఏమీ లేదు. తనదని చెప్పుకోవడానికి గది కూడా లేదు. మరదలు అన్నానికి పిలిస్తే మొదటిసారి "ఆకలిగా లేదు" అనేది. రెండోసారి "మీరు కానివ్వండి" అనేది. మూడోసారి పిలిచాక కంచం ముందు కూర్చునేది. అది నటన కాదు, మర్యాద. మనమందరం అలాగే పెరిగాం. అక్క ఇంకాస్త ఎక్కువ పెరిగింది, అంతే.

ఇక్కడ షాపు మీద ఆమెకు ఒక చిన్న గది ఇచ్చారు. ఒక మంచం, ఒక కిటికీ, ఒక తాళంచెవి. ఆ తాళంచెవిని వారం రోజులు కొంగున ముడేసుకుని తిరిగింది.

"నా గదికి నేను తాళం వేసుకోవడం ఇదే మొదలు తమ్ముడూ. ఇక్కడే ఉండిపోతే బాగుణ్ణు" అంది.

ఆ మాట నాతో అంది. అనాల్సినవాళ్ళతో అనలేదు.

మొదటిరోజే టేపమ్మ ఆమెకు కాఫీ ఇవ్వబోయింది. అక్క వద్దండీ అంది. టేపమ్మ తలూపి, ఆ కప్పు తనే తాగేసింది. రెండో పిలుపు కోసం అక్క సాయంత్రం దాకా ఎదురుచూసింది. ఈమెకు కాఫీ పడదని షాపంతా ఖాయం చేసుకున్నారు. పదకొండు రోజులు ఆమెకు కాఫీ లేదు. నేను కలగజేసుకోకపోతే మూడు నెలలూ అంతే అయ్యుండేది.

"వీళ్ళు బతిమాలరక్కా. అడిగినప్పుడే పుచ్చుకోవాలి" అన్నాను.

"అడగ్గానే పుచ్చుకుంటే మొహం వాచినట్టు ఉండదూ?"

"ఉండదు."

"నీకు తెలీదులే."

నాకు తెలీదట! వచ్చిన కొత్తలో, జోరు వానలో, కటింగ్ మాస్టరు కారాపి ఎక్కమంటే "పర్లేదండీ" అని, ఆ కారు మలుపు తిరిగేదాకా చూసి, నాలుగు కిలోమీటర్లు తడుస్తూ నడిచినవాణ్ణి నేను.

పని విషయంలో మాత్రం అక్కకు మొహమాటం లేదు. కాజా అంచున దారం ముడి పక్కన ముడి, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చేది. టేపమ్మ భూతద్దం పెట్టి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేది. ఏమీ అనకపోవడమే ఆవిడ మెచ్చుకోలు. ఆ సంగతీ అక్కకు నేనే చెప్పాల్సి వచ్చింది.

గడువు ఇంకో వారం ఉందనగా, ఒక బుధవారం నేను కోట్లు ఇచ్చిరావడానికి బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అక్క మొహం వెలిగిపోతోంది. ఈపాటికి ఆమెకు ఇక్కడి మాటలు కొద్దికొద్దిగా వస్తున్నాయి.

"టేపమ్మ నన్ను ఉండిపొమ్మంది తమ్ముడూ!"

"ఇంకేం! సంతకం ఎప్పుడు?"

"వద్దన్నాను."

నా చేతిలో హ్యాంగర్లు కింద పడ్డాయి.

"మీకెందుకండీ శ్రమ అన్నాను. మళ్ళీ అడుగుతుందిగా" అంది.

"అడగదు! కాఫీ సంగతి మర్చిపోయావా? నీకేమైనా మతిపోయిందా అక్కా? ఇప్పుడే వెళ్ళి ఉంటానని చెప్పు."

"కాఫీ వేరు, ఉద్యోగం వేరు. రెండ్రోజులు చూద్దాం."

రెండు రోజులూ చూసింది. శుక్రవారం మధ్యాహ్నం కటింగ్ మాస్టరు చెప్పాడు, కాజాలకు కొత్త మనిషి కుదిరిందని, సోమవారం వస్తోందని. నేను ఆ మాట అక్కకు తెలుగులో చెప్పాను. ఆమె సూది పక్కన పెట్టి, లేచి, టేపమ్మ గదిలోకి వెళ్ళింది. నిమిషంలో బయటికొచ్చింది.

"ఉంటానని చెప్పాను. మనిషి కుదిరిపోయిందట, లేదంది."

నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆమె తిరిగి ఆ మెట్ల కిందకే పోతుంది. అక్క తన కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంది. పెట్టుకుని, మళ్ళీ లేచింది.

"ఎక్కడికి?"

"లేదని ఒకసారేగా అంది."

లోపలికి వెళ్ళింది. వచ్చింది. "మళ్ళీ లేదంది" అని చెప్పింది, ఏదో పని సగమైనట్టు.

"ఇక్కడ లేదంటే లేదనేనక్కా!"

ఆమె అప్పటికే గుమ్మం దాటింది. ఈసారి టేపమ్మ నన్ను కూడా పిలిచింది.

"ఈమెకు నేను చెప్పేది అర్థం కావడం లేదా?" అని అడిగింది.

"అర్థమైందండీ. మా వైపు మొదటి రెండుసార్లూ లెక్కలోకి రావు."

"అయితే బుధవారం నాతో వద్దన్నది?"

"అదీ లెక్కలోకి రాదండీ."

టేపమ్మ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది. తర్వాత అక్క వైపు తిరిగి, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది.

"నీకు ఈ పని కావాలా?"

అక్క పెదాల మీదికి "వద్దండీ" వచ్చి నిలబడటం నాకు కనిపించింది. ఆమె గుటక వేసింది.

"కావాలి" అంది తెలుగులో. "నాకు కావాలి."

అనువదిద్దామని నోరు తెరిచాను. టేపమ్మ నన్ను ఆగమని చెయ్యెత్తి, కటింగ్ మాస్టరును కేకేసింది. సోమవారం వచ్చే మనిషికి అక్క కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వెయ్యమంది.