పెద్దమ్మ చెవిలో అరిచినవాళ్లు

మా ఆయన ఫోన్ చేసేసరికి నేను పాలమూరులో మా అక్క ఇంట్లో ఉన్నాను. మా బిడ్డ చెవి మిషన్ తీగ మళ్లీ తెగింది. బాగు చేయించడానికి ముందురోజే వచ్చి, పని కాక ఉండిపోయాం. "పెద్దమ్మ పాయె. బిడ్డను తీస్కొని జల్ది రా," అన్నాడు. ఏ పెద్దమ్మ అని అడగలేదు. మక్తల్‌లో మా ఎదురింటి పెద్దమ్మ ఒక్కతే మాకు పెద్దమ్మ. చుట్టరికం లేదు, పిలుపే చుట్టరికం. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను.

పెద్దమ్మకు పుట్టు చెవుడు. మాట లేదు. సాయంత్రమైతే బస్టాండు దారిలో పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఎన్ని వేళ్లు చూపిస్తే అన్ని రొట్టెలు. ఊళ్లో సగం మందికి ఆమె పేరు తెలియదు, 'మూగామె రొట్టెలు' అంటే చాలు. ఆమె పెనిమిటి కూడా వినలేనివాడే. పట్నంలో చెవిటి పిల్లల బడిలో చదివి, అక్కడ నేర్చిన సైగల భాషనంతా తెచ్చి ఆమెకు ఇచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయనతోపాటు ఆ భాషలో ఆమెతో మాట్లాడే మనిషి కూడా మక్తల్‌లో లేకుండా పోయాడు. ఆ సంగతి మాలో ఎవరికీ ఒక్క పూట కూడా తట్టలేదు.

ఆమెతో గొంతు పెంచి మాట్లాడేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. పిండి చేతితో తన చెవి చూపించి, తర్వాత వాళ్ల తలకాయ చూపించేది. నాకు చెవి పనిచేయదు సరే, నీకేమైంది అని. కరోనా కాలంలో అందరూ మూతికి గుడ్డలు కట్టుకున్నాక కొన్నాళ్లు పొయ్యే పెట్టలేదు. ఎవరి పెదవులూ కనపడకపోతే ఎవరితో ఏం బేరం?

మా బిడ్డకు రెండేళ్లు నిండినా పిలిస్తే తిరిగి చూసేది కాదు. పట్నంలో ఆపరేషన్ చేయించి మిషన్ పెట్టించాం. అక్కడ మాటలు నేర్పే మేడం గట్టిగా చెప్పింది, సైగలు చేయనీయొద్దు, సైగలు మరిగితే మాట రాదు అని. నాకు అది వేదవాక్కయింది. బిడ్డ చేయి ఎత్తితే చేతి మీద కొట్టాను. అవును, కొట్టాను. గ్లాసు వెనక్కి దాచి "నీళ్లు అను, నీళ్లు" అని దాహంతో ఉన్న పిల్లను ఏడిపించాను. అది చాలక ఎదురింటికి వెళ్లి, మా పిల్లకు సైగలు నేర్పొద్దని పెద్దమ్మతో చెప్పాను. ఎట్లా చెప్పాను? చేతులు ఊపి, వేలు అడ్డంగా తిప్పి, సైగలతోనే చెప్పాను. అప్పుడు నాకు సిగ్గు కూడా అనిపించలేదు.

పెద్దమ్మ ఊగుతున్న నా చేతులను చూసింది. తర్వాత తల ఊపింది. ఆ రోజు నుంచి బిడ్డ తన గడపలోకి వస్తే పెద్దమ్మ రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని కూర్చునేది. నవ్వేది, రొట్టె పెట్టేది, మళ్లీ చేతులు కొంగు కింద. పాపం, నా మాట నిలబెట్టింది. మనల్ని ఎవరన్నా నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చో అంటే కూర్చుంటామా?

మిషన్ తీగ తెగేది, బ్యాటరీ పోయేది, నెలలు నెలలు మూలన పడి ఉండేది. ఐదేళ్లు వచ్చినా బిడ్డ నోట 'అమ్మ', 'తాత', 'పా' తప్ప పెద్దగా రాలేదు. చేతులకు ఏమీ రాలేదు, రానీయలేదు కదా. ఒకరోజు పొద్దున లేచింది మొదలు ఒకటే ఏడుపు. అన్నం ముట్టదు, దగ్గరికి రాదు. జ్వరమా, కడుపునొప్పా, ఏమీ తెలియదు. మా అత్త దిష్టి తీసింది. ఆ గోలకు వాడకట్టు గుమిగూడితే పెద్దమ్మ కూడా వచ్చింది. నా వైపు చూసి, చేతులు బయటికి తీసి, ఏమైందని బిడ్డను అడిగింది. బిడ్డ ముక్కు చూపించింది, రెండు వేళ్లతో చిన్న గింజ చూపించింది, తర్వాత నన్ను చూపించి దెబ్బ కొట్టినట్టు చూపించింది. ముక్కులో పల్లి గింజ పెట్టుకుంది, అమ్మ కొడుతుందని భయం. ఇంత సంగతి నా బిడ్డ చెప్పగలదని నాకు ఆ రోజే తెలిసింది.

గింజ తీయించుకొచ్చిన సాయంత్రమే పెద్దమ్మ పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాను, మా ఇద్దరికీ నేర్పమని. ఆమె ఏమీ దెప్పలేదు. మిషన్ తీసేస్తానంటే మాత్రం కోప్పడింది. ఆమె అన్నది మన మాటల్లో పెడితే ఇట్లా ఉంటుంది: "నోరు ఒక కాలు, చెయ్యి ఒక కాలు. రెండు కాళ్లుండంగ కుంటుడు ఎందుకు?" నేను పొరపాటు సైగ చేస్తే పిండిముద్ద విసిరేది. "వినేటోళ్లకు ఓపిక తక్కువ, మేమే పెద్దమనసు చేసుకోవాలె," అని కూడా అనేది. ఆ తర్వాత నా బిడ్డకు మాటలూ వచ్చాయి, సైగలూ వచ్చాయి. సైగలు వచ్చాకే మాటలు వచ్చాయి. ఆ మేడానికి ఈ సంగతి చెబితే వినలేదు. వినపడే చెవులున్న మనిషే.

ఇక పెద్దమ్మ ఎట్లా పోయిందో చెప్పాలి. ముందురోజు సాయంత్రం రొట్టెలు చేస్తూ చేస్తూ ఒరిగిపోయిందట. ఆమె మరిది కొడుకు బండి మీద దవాఖానకు తీసుకుపోయాడు. ఆమె ఛాతీ మీద చెయ్యి పెట్టి, భుజం దాకా గుంజి గుంజి చూపించిందట. డాక్టరు ఆమె ముఖం చూడలేదు, పక్కనున్న వీణ్ని అడిగాడు. "కడుపుల గ్యాసు సార్, రోజూ గంతే," అన్నాడు వీడు. ఒక సూది, నాలుగు గోలీలు ఇచ్చి పంపారు. తెల్లారేసరికి మనిషి లేదు.

మక్తల్‌లో బస్సు దిగి ఇంటికి పోగానే వాణ్ని అడిగాను. "ఆమె ఫోను నీ జేబుల్నే ఉండె గదా? నేను ఊరికి పోతే రోజూ వీడియోల సైగలతోని మాట్లాడుకుంటం మేము. నాకు కలిపితే నేను అడిగి చెప్పకపోదునా?"

"యాదికి రాలే అక్కా," అన్నాడు. అబద్ధం కాదు. ఆమెకు చెప్పుకునేది ఒకటి ఉంటుందని వాడికి ఎన్నడూ యాదికి రాలేదు.

మా వాడలో ఆడవాళ్లమూ దింపుడు కల్లం దాకా పోతాం. దారి మధ్యలో పాడె కిందికి దింపి, ప్రాణం ఎక్కడన్నా మిగిలి ఉంటే లేస్తారని చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది. పాడె దింపారు. వాడు వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టి "పెద్దమ్మా! ఓ పెద్దమ్మా!" అని అరిచాడు. ఇంకొకడు రెండో చెవిలో అరిచాడు. నేను అడ్డం పోయాను.

"గా చెవుల ఎందుకు ఒర్రుతున్నరు? బతికున్ననాడు ఒక్కరన్న సెయ్యూపి పిలిచిన్రా?"

"ఆచారం బిడ్డా, ఊకో," అన్నాడు ఒక పెద్దమనిషి.

మిషన్ నా సంచిలోనే ఉంది, బిడ్డకు ఏమీ వినపడదు. ఏం చేస్తున్నారని చేతులతో అడిగింది. పిలుస్తున్నారు, లేస్తుందేమోనని, అన్నాను. చెవిలోనా, అని అడిగింది.

బిడ్డ జనాన్ని తోసుకుని పోయి పాడె పక్కన కూర్చుంది. పెద్దమ్మ చేతుల బొటనవేళ్లు కలిపి దారంతో కట్టి ఉన్నాయి, అందరికీ కట్టినట్టే. అది చూసి నా వైపు తిరిగింది. కట్టేశారు, ఎట్లా మాట్లాడుతుంది, అంది. అని ముడి విప్పడం మొదలుపెట్టింది.

"ఏయ్, ముట్టొద్దు బిడ్డా. కట్లు కాటికి పోయినంక ఇప్పుతరు," అన్నాడు ఆ పెద్దమనిషి.

"ఇప్పనియ్యి తాతా," అన్నాను.

ముడి బిగిసి ఉంటే పళ్లతో లాగింది. ఆమె రెండు చేతులూ విడదీసి ఆమె ఛాతీ మీద పెట్టింది. రోజూ పిలిచినట్టే ఆమె భుజం మీద రెండుసార్లు తట్టి, వెనక్కి జరిగి గొంతుక్కూర్చుంది. పాడె ఎత్తవలసినవాళ్లు ఎత్తకుండా ఎండలో నిలబడ్డారు. బిడ్డ రెప్ప వేయకుండా ఆ చేతులనే చూస్తూ కూర్చుంది.