వడియాలు ఎండిన మూత

పదకొండేళ్లుగా ఒక మూత బరువు మోస్తున్నాను. తూస్తే అరకిలో కూడా ఉండదు. చేపల తొట్టి మీద పెట్టే మూత. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మా మావయ్య, అంటే మా ఆయన నాన్నగారు, బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసి తోర్వాలో ఇల్లు తీసుకున్నాక, పొద్దుపోవడానికి చేపల తొట్టి కొనుక్కున్నారు. అందులో వేలెడంత నల్ల చేప ఒకటి ఎప్పుడూ అన్నిటికీ వెనకే తిరిగేది. రైలు చివరి పెట్టెలో గార్డులా ఉందని దానికి గార్డు అని పేరు పెట్టారు. గార్డుకి ఎగిరే బుద్ధి. షాపులో మూత ధర విని మావయ్య నవ్వేసి వచ్చేశారు. పాత కిటికీ అల్యూమినియం పట్టీలు కోసి, రివిట్లు కొట్టి, దోమల జాలీ బిగించారు. గాలి పైపు దూరడానికి ఒక మూల గాటు పెట్టారు. చొక్కా జేబులో స్టీలు స్కేలు లేకుండా ఆయన్ని నేను చూడలేదు. వీధిలో ఎవరి తలుపు పట్టేసినా, ఎవరి కూలరు మొరాయించినా ఆయన దగ్గరికే వచ్చేవారు. వాకిట్లో ఆకురాయి చప్పుడు ఆగేది కాదు. ఎంత బాగుండేవి ఆ రోజులు!

వచ్చినవాళ్లందరితో, మా కోడలి పనికి వంక పెట్టలేం అనేవారాయన. పుట్టింట్లో కూడా నన్నెవరూ అంత మాట అనలేదు. ఆ మాటంటే నాకు ప్రాణం.

ఒక మే నెలలో ఆయన గృహప్రవేశానికని సర్కండా వెళ్లారు. నేను బూడిదగుమ్మడి వడియాలకి పిండి కలిపి ఉంచాను. కళ్లు ఆ మూత మీద పడ్డాయి. జాలీ కింద నుంచి గాలి ఆడుతుంది, తొందరగా ఎండుతాయి. ఒక్క గంటే కదా? దాని మీద పల్చటి బట్ట పరిచి, వడియాలు పెట్టి, డాబా మీద ఎండలో ఉంచి, కిందికొచ్చి నిద్రపోయాను. లేచేసరికి గార్డు స్టాండు పక్కన నేల మీద ఎండిపోయి ఉంది.

అక్కడిదాకా పొరపాటు. ఆ తర్వాత చేసింది తప్పు. వడియాలు బట్టతో సహా పక్కకి తీసి, మూత కడిగి, తుడిచి, తొట్టి మీద పెట్టేశాను. చేపని మాత్రం ముట్టుకోలేదు. ఆయనే చూడాలని.

సాయంత్రం వచ్చి చూశారు.

"ఏటమ్మా, మూత పెట్టే ఉందా?"

"ఉంది మావయ్యా. నేను తియ్యలేదు."

స్కేలు తీసి ఆ మూల గాటు కొలిచారు. మళ్లీ కొలిచారు.

"అచ్ఛా... రెండు సూత్‌లు అంటే పావంగుళం ఎక్కువ కోసేసేనమ్మా. ఇందులోంచే దూరిపోనాది. నా సెయ్యి తప్పింది."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఎందుకు చెప్పలేదు? తిడతారనా? ఆయన నన్ను ఒక్కనాడూ తిట్టలేదు. వంక పెట్టలేం అన్న ఆ ఒక్క మాట పోతుందని. ఇంజిన్ల మధ్య ఉద్యోగమంతా ఆయన సంపాదించుకున్న పేరుని నా పేరు కోసం తీసి పక్కన పడేశానని ఆ నిమిషంలోనే నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

మర్నాడు తొట్టినీ మిగతా చేపల్నీ పక్కింటికి ఇచ్చేశారు. మూత నా చేతిలో పెట్టి, "సేపలకి పనికిరాదు. వడియాలు ఎండబెట్టుకో అమ్మా, గాలి బాగా ఆడతాది" అన్నారు. అందులో దెప్పు లేదు. ఉన్నా బాగుండేది.

ఆ తర్వాత ఆయన ఆకురాయి పట్టలేదు. మా తలుపే పట్టేసినా మిస్త్రీని పిలవమంటారు. స్కేలు బీరువాలో పడుంది. ఏటా ఆ మూత మీదే వడియాలు పెడతాను. ఏటా పప్పులో నంజుకుని బాగున్నాయంటారు. నేను మాత్రం వడ్డించుకోను.

ఇక్కడి హిందీ బడుల్లో చదివిన మా పిల్లలకి తెలుగు చదవడం రాదు. మా ఆయనకీ అంతంతమాత్రం. ఈ ఇంట్లో ఇది చదవగలిగేది మావయ్య ఒక్కరే. ఆ సంగతి మొదటి వాక్యం రాసేటప్పుడే నాకు తెలుసు. కాగితాలు ఆయన కళ్లజోడు కింద పెడుతున్నాను. క్షమించమని అడగను. చదివి ఏమంటారో తెలియదు. గుండె మాత్రం కాస్త తేలికపడింది.

మీ చెయ్యి తప్పలేదు మావయ్యా. మూత తీసింది నేను.