బెత్తెడు ఎక్కువ కొలిచిన మా బావమరిది

మా బావమరిది పోయాడు. పోయిన మంగళవారం పొద్దున్న పాతపట్నంలో తన బట్టల కొట్టు తలుపులు తీస్తూ, గుండె పట్టుకుని గడప మీద కూర్చుండిపోయాడట. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. గుండె ఆగి పోయాడు. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను. ఎందుకంటే ఆ వీధిలో సగం మంది, మా చుట్టాల్లో ముప్పాతిక మంది ‘ఆ రోగంతో పోయాడు’ అని చెప్పుకుంటున్నారు. డాక్టరు చెప్పినా వినలేదు, నేను అరిచినా వినలేదు. అచ్చులో చూస్తేనైనా నమ్ముతారేమో.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి మడిలో దిగినవాణ్ణి. రాతలో తప్పులుంటే మన్నించండి. కోపాన్ని మాత్రం మన్నించనక్కర్లేదు. అది కావాలనే ఉంచాను.

అవును, ఆయనకు హెచ్‌ఐవీ ఉంది. వయసులో సరుకు కోసం ఊళ్లు తిరిగిన రోజుల్లో తగులుకుంది. పెళ్లయిన కొన్నాళ్లకు జ్వరం వస్తే రక్తపరీక్షలో బయటపడింది. ఆ సాయంత్రమే భార్యను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేశాడు. ఆమె నాకు చెల్లెలి వరస. ఆమెకు పరీక్ష చేయిస్తే లేదన్నారు. ఆనాటి నుంచి కాపురంలో నిరోధ్ తొడుగు వాడాడు, మాత్ర మానలేదు. ఒంట్లో ఆ పురుగు పరీక్షకు కూడా అందనంత తగ్గిపోయిందనీ, మందు మానకుండా అలా ఉన్న మనిషి నుంచి కాపురంలో కూడా అంటదనీ పెద్దాసుపత్రిలో చెప్పారు. చెల్లెలు ఇవాళ్టికీ నిక్షేపంగా ఉంది. ఇదంతా రాయమన్నది ఆమే. “రాయి అన్నయ్యా, పేరొక్కటి వొదిలేసి అన్నీ రాయి. నాకేటి సిగ్గు?” అంది.

కొట్టులో ఆయన్ని చూడాలి మీరు! గుడ్డ అంచు పట్టుకుని లాగి, వెలుతురుకేసి నేత చూసి, అప్పుడు కొలిచేవాడు. కొలిచాక, కత్తెర పెట్టబోయే ముందు చెయ్యి చాచి ఇంకో బెత్తెడు వదిలేవాడు. లంగా గుడ్డయినా అంతే, తలగడ గుడ్డయినా అంతే. “ఇలగైతే కొట్టు మూసుకుంటావురా” అని నేను వెక్కిరిస్తే, “ఉతికితే ముడుసుకుంటాది బావా. ఆలకి తక్కువైనాదని మల్లీ నా మొకం మీదే ఇసురుతారు. ముందే ఇచ్చేస్తే పోలేదా?” అనేవాడు. ఆ వీధిలో ఆయన గుడ్డ తొడగని ఒళ్లు లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇక మా అబ్బాయి, మా వాడి సంగతి. ఇదీ వాడు రాయమంటేనే రాస్తున్నాను. మా వాడు విశాఖపట్నంలో పనిలో ఉండగా, పెళ్లి కుదరకముందు, ఒకసారి ఒక ఆడమనిషి దగ్గరకు వెళ్లాడు. తొడుగు వాడాడు. అది చిరగలేదు, జారలేదు. అయినా ఆ వారంలోనే గొంతునొప్పి వచ్చింది. ఇంకేముంది, ఫోను తీశాడు. అందులో ఉన్న దొంగవెధవలందరూ వీడి కోసమే కూర్చున్నట్టు ఒకటే భయపెట్టడం! గొంతునొప్పి వస్తే అదేనట, చెమట పడితే అదేనట. ‘ఈ వీడియో ఆఖరి దాకా చూడకపోతే ప్రాణం పోతుంది’ అట! ఆ మాట పెట్టినవాడు నా చేతికి దొరికితే నాగలికి కడతాను.

పరీక్ష చేయించాడు, లేదన్నారు. మూడు నెలలు దాటాక మళ్లీ చేయించాడు, లేదన్నారు. విజయనగరం వెళ్లి చేయించాడు, అక్కడా లేదు. మిషన్లే పాడయ్యాయేమోనని వీడి అనుమానం. ఇంకో మహానుభావుడు రక్తం శుభ్రం చేసే పసరిస్తానని వీడి చేత తాగించాడు. లేని రోగానికి మందిచ్చేవాణ్ణి ఏమనాలో నాకు తెలియదు, తెలిసినా ఇక్కడ అచ్చు వెయ్యరు.

ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి పడ్డాడు. విడిగా కంచం, విడిగా గ్లాసు, విడిగా తువ్వాలు. వాళ్లమ్మ నుదుటి మీద చెయ్యి వెయ్యబోతే వెనక్కి జరిగిపోయేవాడు. శ్రీకూర్మం వైపు నుంచి మంచి సంబంధం వచ్చింది. “నాకు పెళ్లొద్దు, ఆ పిల్ల గొంతు కొయ్యొద్దు” అన్నాడు. ఒకరోజు పురుగుమందు డబ్బా వైపు అదోలా చూస్తున్నాడని వాళ్లమ్మ దాన్ని పట్టుకెళ్లి పక్కింట్లో దాచింది. బిడ్డ చేజారిపోతున్నాడని మాకు తెలుస్తోంది, పట్టుకోవడం ఎలాగో తెలియడం లేదు.

అప్పుడు వచ్చాడు మా బావమరిది. వీడు అరుగు మీద విడి కంచంలో తింటున్నాడు. ఆయన చెప్పులు విప్పి నేరుగా వెళ్లి పక్కన కూలబడి, ఆ కంచంలోంచి ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు.

“మావా, వద్దు! నాకు... నాకు అది ఉన్నాదేమో!” అని వీడు కేక పెట్టాడు.

“నీకుందో నేదో గానీ అల్లుడూ, నాకైతే ఉన్నాది. నీకు బయ్యమైతే నువ్వే లేసిపో. పప్పు బాగున్నాది, నాను తినేస్తాను.”

వాడికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన నెమ్మదిగా అన్నాడు: “ఆ రోజుల్లో నాను తొడుక్కోనేదురా. నువ్వు తొడుక్కున్నావు. అంతే తేడా.”

మర్నాడే వాణ్ణి పాతపట్నం తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్లాను. కొట్టు వెనక పెరట్లో ఒక తొడుగు విప్పి, కుళాయి కింద పట్టి నిండా నీళ్లు నింపి, ముడేసి గోడ మేకుకు వేలాడదీశాడు. కింద పాత పేపరు పరిచాడు. ఇంతలో చెల్లెలు బియ్యం కడగడానికి వచ్చింది.

“ఓలమ్మో! ఇదేటయ్యా, గోడకి సొరకాయ కట్టినావు?”

“అల్లుడికి సదువు సెప్తన్నాను, నువ్వెళ్లు.”

“సదువుకి ఇదే దొరికినాదేటి? పక్కింటోలు సూస్తే పరువు పోద్ది.”

“పోతే పోనీవే. పరువు మల్లీ వస్తాది. గుంటడు పోతే రాడు.”

అన్నాలు తిని వచ్చాక పేపరు తీసి, గుడ్డ నేత చూసినట్టు వెలుతురుకేసి పట్టుకున్నాడు. ఎక్కడా తడి లేదు. “నీరే దాటనేదు, ఆ పురుగు ఎలగ దాటుతాదిరా? సిరిగినా, జారినా అప్పుడు భయపడాలి. అప్పుడు కూడా ఏడుస్తూ కూకోకూడదు, ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. మూడు రోజుల్లోపు మొదలెడితే దానికీ మందున్నాది. నీకదేటీ అవనేదు. మూడు నెలలు దాటినాక సూసిన రగతంలో నేదంటే నేదే.” తర్వాత భార్యను పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. “నా కంచంలో తిన్నాది, నా పక్కన తొంగున్నాది. మీ అత్త ఎలగున్నాదో సూడు.”

“ఎలగున్నానేటి, నీకొండి పెట్టీ పెట్టీ సిక్కిపోయాను” అంది చెల్లెలు. అన్నాళ్లకు మా వాడు నవ్వాడు.

ఆ ఒక్కరోజుతో భయం పోయిందని అబద్ధం రాయను. రెండో రోజుకే మళ్లీ నాలుక అద్దంలో చూసుకున్నాడు. “రోగం నేదు బావా. భయమే రోగమైనాది. దానికీ డాక్టరున్నాడు” అని మా బావమరిదే వాణ్ణి శ్రీకాకుళంలో మనసు డాక్టరుకు చూపించాడు. మాత్రలతో, మాటలతో నెలల మీద కుదుటపడ్డాడు. పెళ్లికి ముందు ఆ శ్రీకూర్మం పిల్లకు వాడి చేత అన్నీ చెప్పించింది కూడా ఆయనే. “జాతకాలు సూపించుకున్నట్టే ఇద్దరూ రగతం సూపించుకోండి, తప్పేటీ నేదు” అన్నాడు. చూపించుకున్నారు. పెళ్లయింది.

ఇవాళ నా మనవరాలు ఇల్లంతా పాకుతోంది. నా మీసం పట్టి లాగుతుంది, కళ్లజోడు విసిరేస్తుంది. నా అంత సంతోషంగా ఉన్న ముసలివాణ్ణి జిల్లా అంతా వెతికి చూపించండి! పాలవాణ్ణి ఆపి చెబుతాను, బస్సులో పక్కనున్న వాళ్లకు చెబుతాను. ఈ సంతోషం పెట్టింది మా బావమరిది. అందుకే నాకు ఇంత కోపం.

మంగళవారం మేం వెళ్లేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు. జనం ఎదురు అరుగుల మీద నిలబడ్డారు. చెల్లెలు ఒక్కతే నీళ్ల బిందె పక్కన కూర్చుంది. ఒక పెద్దమనిషి నల్ల ప్లాస్టిక్ పట్టా పట్టుకుని నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి వేసుకున్న చొక్కా కూడా మా బావమరిది కొట్టుదే.

“ఎవులూ ముట్టకండి. తానం గీనం వద్దు. ఇందులో సుట్టేసి బండెక్కించేద్దాం” అన్నాడు.

“బాబ్బాబు, ఒక్క సెంబు నీలైనా పొయ్యనివ్వండి” అని చెల్లెలు అడుగుతోంది. పిల్లల్లేని ఆమెకు కొడుకైనా, ఏదైనా మా వాడే.

మా వాడు ముందుకు వెళ్లాడు. పెద్దమనిషి వాడి దారికి అడ్డం వచ్చాడు. “ఒరే, నీకు సంటిపిల్ల ఉన్నాది. మల్లీ పిచ్చి పడతాది, సూసుకో.”

వాడు ఆగాడు. ఆ పాత భయం మళ్లీ పట్టిందా అనుకున్నాను. వాడు రెండు చేతులూ ఎత్తి, ముందూ వెనకా, ఎక్కడైనా గాయం ఉందేమో చూసుకున్నాడు. లేదు. సబ్బు తీసుకున్నాడు. చెంబు ముంచాడు.

“మా మావ బట్టల కొట్టోడు. ఆయనకి ప్లాస్టిక్ సుడతారేటి?” అన్నాడు.

తల దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా కడిగాడు. మీసం దువ్వాడు. నేను నీళ్లు అందించాను. చెల్లెలు పసుపు రాసింది. ఎదురరుగుల మీంచి ఒక్కరూ దిగలేదు. మూటలు దించే కళాసీలు ఇద్దరు మాత్రం తువ్వాళ్లు నడుముకు బిగించి, మోయడానికి మా పక్కన వచ్చి నిలబడ్డారు.

వాడు కొట్టులోంచి తెల్ల గుడ్డ తెచ్చి, మావ గజంబద్దతోనే కొలిచాడు. కత్తెర పెట్టబోయి ఆగాడు. చెయ్యి చాచి, ఇంకో బెత్తెడు వదిలి కత్తిరించాడు.

ఏటి వైపు నడుస్తుంటే గాలి వీచింది. పాదాలు దాటి మిగిలిన ఆ బెత్తెడు గుడ్డ వీధి పొడవునా, ఆ అరుగుల ముందు నుంచి, రెపరెపలాడుతూనే వెళ్లింది.