ఆరు తక్బీర్లకు సరిపడే భుజం

మా అబ్బాకి దుర్గ్ పక్కన సుపేలాలో ఫ్యాన్లు, కూలర్లు బాగుచేసే దుకాణం ఉంది. పోయిన వానాకాలం చివర్లో ఒకరింట్లో సీలింగ్ ఫ్యాను బిగిస్తుంటే ఆయన కుడిచెయ్యి సగంలో ఆగిపోయింది. "అబ్బా!" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో నాన్నని పిలవడానికే వాడతాం. అందుకని కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ నేను, ఈయన తనని తానే ఎందుకు పిలుచుకుంటున్నాడా అని కాసేపు ఆలోచించాను. ఆయన ఇంకోసారి పిలుచుకున్నాక విషయం అర్థమైంది.

భుజం కీలు బిగుసుకుపోయిందని, ప్రాణానికేం ఫర్వాలేదని, వదలడానికి నెలలు పడుతుందని డాక్టరు చెప్పాడు. మా వాళ్ళు మొదటి ముక్కా, చివరి ముక్కా విని మధ్యది వదిలేశారు. దుర్గ్ నుంచి అమ్మ చెల్లెలు ఖాలా వచ్చి మంచం పక్కన కూర్చుని కొంగు తడిసేలా ఏడ్చింది. మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్నది నేను. అబ్బా అప్పటికే దుకాణానికి వెళ్ళిపోయాడు. అంత శ్రద్ధగా ఏడుస్తున్న మనిషిని మధ్యలో ఆపడం మర్యాద కాదని ఊరుకున్నాను.

అబ్బాకి అసలు బాధ ఫ్యాన్లతో కాదు. ఫ్యాన్లు ఎక్కడానికి నేను ఉన్నాను. నమాజు మొదలుపెట్టేటప్పుడు రెండు చేతులూ చెవుల దాకా ఎత్తి 'అల్లాహు అక్బర్' అని తక్బీర్ చెప్పాలి. ఆయన ఎడమచెయ్యి చెవి దగ్గరకు చేరేది, కుడిచెయ్యి ఛాతీ దగ్గరే ఆగేది. పక్కనుంచి చూస్తే చౌరస్తాలో ట్రాఫిక్ ఆపుతున్నట్టు ఉండేది. ఈ పోలిక పైకి అన్నందుకు అమ్మీ నా వీపు మీద ఒకటి వేసింది. అందినంత ఎత్తితే చాలు, అల్లా దాన్నే పూర్తిగా స్వీకరిస్తాడని ఇమామ్ సాబ్ చెప్పాడు. అబ్బా తలూపి వచ్చాడు గానీ, ఆ రోజు నుంచి మసీదులో వరస చివర, గోడ పక్కన నిలబడడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇమామ్ వెనకాల నిలబడే మనిషి.

"ఈద్ నాటికి రెండు చేతులూ సమానంగా లేవాలి," అన్నాడొక రోజు అన్నం తింటూ, ఎవరికీ చెప్పనట్టు. ఈద్ నమాజులో మామూలుగా ఉండే తక్బీర్లు కాక ఇంకో ఆరు ఉంటాయి. ఆరుసార్లూ చేతులెత్తాలి. ఈద్గాలో నిలబడేది ఆరుబయట. అక్కడ పక్కకు జరగడానికి గోడ ఉండదు.

వ్యాయామం నేర్పడానికి స్మృతి నగర్‌లో ఒక ఫిజియో దీదీ దొరికింది. గోడకు ఎదురుగా నిలబడి, గోడ మీద వేళ్ళతో సాలీడులా పైపైకి పాకించాలి. అంతే.

"అంకుల్, రోజుకి ఐదుసార్లు. మిస్ నహీ కర్నా, ఒక్కటీ మానొద్దు," అంది దీదీ.

"ఐదుసార్లా? దుకాణం మనిషినమ్మా. రోజుకి ఐదుసార్లు ఆగి గోడ పట్టుకోడానికి తీరిక ఏదీ?"

పక్కనే కూర్చున్న అమ్మీ మెల్లగా ఆయన వైపు తిరిగింది. "తీరిక లేదేటి? మరి ఇన్నాళ్ళబట్టీ రోజుకి ఐదుసార్లు ఏటి సేస్తన్నారు?"

అబ్బా గోడ వైపు తిరిగి వేళ్ళు ఆనించాడు. దీదీ నవ్వాపుకోవడానికి అవతలి గదిలోకి వెళ్ళింది.

అలా మా ఇంట్లో కొత్త నియమం వచ్చింది. ప్రతి నమాజుకీ ముందు మొహం, కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ, వజూకి ముందు గోడ. కాపలా మాత్రం నాకు పడింది, ఇంట్లో పనీపాటా లేనట్టు కనిపించేవాణ్ణి నేనే కాబట్టి. అప్పటిదాకా నా నమాజు వారానికొకటి. శుక్రవారం, అదీ బిరియానీ ఏ ఇంట్లోనో ముందే తెలుసుకున్నాక. ఫజర్ అనే నమాజు సూర్యుడి కంటే ముందే ఉంటుందని విన్నాను గానీ, కళ్ళతో చూసింది తక్కువ.

మొదటి వారం ఫజర్‌కి లేచి, గోడకు ఆనుకుని, నిలబడే నిద్రపోయాను. పక్కనే అబ్బా అదే గోడ మీద వేళ్ళు పాకిస్తూ పళ్ళు బిగించాడు.

"ఒరే, చూస్తన్నావా?"

"చూస్తున్నా."

"కళ్ళు మూసుకుని ఏటి చూస్తావురా?"

రెండో వారం నాకో సంగతి తట్టింది. ఎలాగూ లేచాను. ఎలాగూ మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాను. మిగిలింది చేతులూ, పాదాలూ. అవి కూడా కడిగేస్తే వజూ అయిపోతుంది. ఎలాగూ వజూ అయ్యాక నమాజుకి నిలబడకపోతే నీళ్ళు వృథా. నా భక్తి ఈ 'ఎలాగూ'ల మీదుగా నడిచి వచ్చింది. జ్ఞానోదయం ఏమీ కాలేదు. వెలుగు వచ్చిన మాట నిజమే, అది తెల్లారడం వల్ల.

శుక్రవారం శుక్రవారం అబ్బా వేలు ఎంత ఎత్తుకు అందిందో గోడ మీద పెన్సిలుతో గీత గీసేవాణ్ణి. గీతలు చాలా బద్ధకస్తులు. ఒక వారం గోరంత జరిగేవి, ఇంకో వారం అదీ లేదు. డిసెంబరులో దుర్గ్‌లో ఖాలా కూతురి పెళ్ళి. మూడు రోజుల సందడిలో గోడ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తిరిగొచ్చి చూస్తే చెయ్యి రెండు గీతల కిందకి దిగి కూర్చుంది. ఖాలా ఫోన్లో మళ్ళీ ఏడుపు మొదలుపెట్టబోయింది, ఈసారి సరైన మనిషి కోసం. అబ్బా ఫోను నాకిచ్చేసి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మొదట్నించీనా?" అన్నాను.

"మరేటి? ఫజర్ కూడా రోజూ మొదట్నించే కదరా. నిన్న సదివేనని ఇవాళ వదిలేస్తావా?"

ఆయన ఇది పెద్ద మాట అనుకుని అనలేదు. వేలు గోడకు ఆనించి, పంటి బిగువున అనేశాడు. నేనే దాన్ని చాలా రోజులు మోసుకు తిరిగాను.

చలి తగ్గేసరికి చెయ్యి కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. ముందు చొక్కా చేతిలో దూరింది. ఆ రోజు అబ్బా అల్లాకి కృతజ్ఞతగా "అల్‌హమ్దులిల్లా" అన్నాడు. తర్వాత, తల బాగా వంచితే, దువ్వెన తలకు అందింది. "అల్‌హమ్దులిల్లా". తలలో దువ్వడానికి పెద్దగా ఏమీ లేదని గుర్తుచేశాను. దానికీ అదే మాట అన్నాడు. ఆ తర్వాత ఎవరి సాయమూ లేకుండా తన వీపు తాను గోక్కున్నాడు. కళ్ళు మూసుకుని, అంత తృప్తిగా గోక్కునే మనిషిని నేను చూడలేదు. ఆ రాత్రి పడుకునేముందు నా రెండు చేతులూ పైకెత్తి చూశాను. ఏ ఇబ్బందీ లేకుండా లేచాయి. ఇరవై మూడేళ్ళుగా లేస్తూనే ఉన్నాయి. ఒక్కసారీ థాంక్స్ చెప్పలేదు. చెప్పాలని కూడా తెలీదు, ఎవరూ బిల్లు పంపలేదు మరి. మెల్లగా అల్‌హమ్దులిల్లా అన్నాను. పక్క మంచం మీంచి తమ్ముడు "ఏటైంది, దోమా?" అన్నాడు.

రంజాన్ వచ్చింది. ఉపవాసంలో కూడా గోడ ఆగలేదు. చివరి శుక్రవారం గీత గీయబోతే వేలు ఇంకా చెవి ఎత్తుకు నాలుగు వేళ్ళు తక్కువే ఉంది. అబ్బా ఆ గీత వైపు చూసి వజూకి వెళ్ళిపోయాడు. అమ్మీ ఆ రోజు నుంచి ఇఫ్తార్ పకోడీల మీద చేసే దువాలు పెంచింది. పకోడీలు చల్లారిపోయేవి. అలాగే తినేసేవాళ్ళం.

ఈద్ ఉదయం ఈద్గాలో మేమిద్దరం పక్కపక్కనే నిలబడ్డాం, మధ్య వరసలో. అబ్బా గోడ కోసం వెతకలేదు. నమాజుకు ముందు ఇమామ్ సాబ్ ఏటేటా చెప్పేదే చెప్పాడు. మొదటి రకాత్‌లో, అంటే నమాజు మొదటి భాగంలో, మూడు అదనపు తక్బీర్లు, రెండో రకాత్‌లో ఖురాన్ చదివాక మరో మూడు. అన్నింటికీ చేతులెత్తాలి. ఆ వెంటనే వచ్చే నాలుగో దానికి మాత్రం ఎత్తకుండా, నేరుగా రుకూకి వంగాలి. ఏటేటా అందరూ తలూపుతారు. ఏటేటా ఎవరో ఒకరు తప్పు చేస్తారు. ఆ ఒకరు సాధారణంగా నేనే.

మొదటి రకాత్‌లో నేను పక్కకు చూడలేదు. చూడడానికి భయమేసింది. బట్టల చప్పుడు మాత్రం విన్నాను, ఆయన వైపు నుంచి కొంచెం ఆలస్యంగా. రెండో రకాత్. ఒకటి, రెండు, మూడు. నాలుగో తక్బీర్ వినబడగానే, జీవితంలో మొదటిసారి తప్పు లేకుండా రుకూకి వంగాను. ఎండ వెనకనుంచి పడుతోంది. వంగిన తలతోనే చూస్తే, ముందు వరసవాళ్ళ వంగిన వీపుల మీద ఒకే ఒక్క నీడ నిలువుగా ఉంది. రెండు చేతులూ చెవుల దగ్గర, రెండు మోచేతులూ సమానంగా, రెండు చెవుల గిన్నెలా. ఈద్గా మొత్తం వంగి ఉంటే మా అబ్బా ఒక్కడే నిలబడి, అవసరం లేని తక్బీర్‌కి చేతులెత్తి, దించడం మరిచిపోయాడు. నమాజులో నవ్వకూడదు. పెదవి కొరుక్కుని, ఏ పాపం రాకుండా ఆ రుకూ దాటాను.

నమాజు ముగించే సలాం అయ్యాక ఆయన చెవిలో అన్నాను. "అందరికీ ఆరు. నీకు ఏడు."

"తెలుసురా," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "ఇన్ని నెల్లు ఎత్తలేదు కదా. ఒకటి ఎక్కువైతే ఏటైపోద్ది?"

ఇమామ్ సాబ్ ప్రసంగం, ఖుత్బా, అయ్యాక అందరూ కౌగిలించుకోవడం మొదలుపెట్టారు. అబ్బా మా మసీదులో అందరికంటే పొడుగాయన ఎక్కడున్నాడో వెతుక్కుంటూ వెళ్ళి, ఆయన మెడ చుట్టూ రెండు చేతులూ వేశాడు. ఆయన్ని వదిలి రెండో పొడుగాయన వైపు నడిచాడు. ఇంతలో నా ఫోను మోగింది. అమ్మీ. ముబారక్ లేదు, సలాం లేదు.

"ఎత్తేరా?"

"ఎత్తారమ్మీ," అన్నాను. "ఇప్పుడు దించడమే కష్టంగా ఉంది."